ఎవరి కొరకైన ఉపవాసము?

పాఠ్యభాగము: జెకర్యా 7:1–14, 8:18, 19

దర్యావేషు రాజు ఏలుబడియందు నాల్గవ సంవత్సరమున, అనగా క్రీ.పూ. 518లో, బేతేలువారు పంపిన మనుష్యులు యెరూషలేమునకు వచ్చిరి. అయిదవ నెలలో తాము అనేక సంవత్సరములుగా ఆచరించుచు వచ్చిన ఉపవాసమును ఇకమీదటను ఆచరింపవలెనా అని వారు యాజకులను ప్రవక్తలను అడిగిరి.

ఈ ప్రశ్నకు తగిన కారణము కలదు. క్రీ.పూ. 586లో బబులోను సేనలు దేవాలయమును కాల్చివేసినది అయిదవ నెలలోనే (2 రాజులు 25:8, 9). ఆ దినమును తలంచుకొని యూదులు ఏటేట దుఃఖించుచుండిరి. ఇప్పుడైతే మందిరపు పని మరల ఆరంభమై రెండేండ్లు గడచినవి. గోడలు లేచుచుండగా పాత దుఃఖము ఇంకను ఏల?

ప్రభువు ఆ ప్రశ్నకు వెంటనే ఉత్తరమియ్యక వారినే ప్రశ్నించెను. ఈ డెబ్బది సంవత్సరముల ఉపవాసము నిజముగా తన నిమిత్తమే జరిగినదా? తినునప్పుడు తమకొరకే తినినవారు, మానునప్పుడును తమకొరకే మానిరా? ఈ ప్రశ్న దేశప్రజలందరికిని వేయబడినది. బలిపీఠమునొద్ద నిలుచు యాజకులును దానినుండి తప్పింపబడలేదు.

వారి కన్నీరు అబద్ధమైనది కాదు. పట్టణమును, మందిరమును, స్వదేశమును పోగొట్టుకొనినవారి కన్నీరది. అయితే ఆ నాశనమునకు హేతువేమి? న్యాయము తీర్చుడనియు, విధవరాలిని, తండ్రిలేనివారిని, పరదేశిని, దరిద్రుని బాధింపకుడనియు పూర్వపు ప్రవక్తలు బోధించినప్పుడు పితరులు చెవులు మూసికొని, హృదయములను రాతివలె చేసికొనిరి. పోయిన మందిరమునుగూర్చి దుఃఖించుట సులభము. అది పోవుటకు హేతువైన పాపమునుగూర్చి దుఃఖించుట కష్టము. మొదటిదానిలో మనుష్యుడు తన నష్టమును చూచుకొనును. రెండవదానిలో దేవుని వైపు తిరుగును.

నేటి సంఘములోను శ్రమకాలపు నలువది దినములు కలవు, ఉపవాస కూడికలు కలవు. ఉద్యోగము కొరకు, కుమార్తె వివాహము కొరకు, రోగి స్వస్థత కొరకు విశ్వాసులు ఉపవాసముండి ప్రార్థింతురు. తండ్రిని అడుగుట బిడ్డలకు తగినదే. కాని కోరినది దొరకగానే కూడికలో స్థలము ఖాళీయగుచున్నయెడల, ఆ ఉపవాసము ఎవరి కొరకైనదో వేరుగా చెప్పనక్కరలేదు. ఇట్టి ఉపవాసముండువాడు దేవుని వెదకుటకంటె ఆయన చేతిలోని దానిని ఎక్కువగా వెదకుచున్నాడు. మనుష్యులకు కనబడుటకై ముఖము వికారము చేసికొనువారిని యేసుప్రభువు గద్దించినదియు ఈ కారణముచేతనే; వారు కోరిన ఫలము వారికి అప్పుడే ముట్టియున్నది (మత్తయి 6:16).

ఉపవాసదినమున ఇంట మిగిలిన అన్నము ఎవరి పళ్లెములోనికి పోయెను? పొరుగింటి విధవరాలికి అది చేరనియెడల, ఆ దినమున పొయ్యికి విశ్రాంతి కలిగెను, అంతే. పొలములో పనిచేసినవాని కూలి నిలుపుకొని మోకరించువాని ప్రార్థన ఎంత దీర్ఘమైనను, జెకర్యా చెప్పిన మాట దానిని పరీక్షించును.

బేతేలువారి ప్రశ్నకు తుదకు ఉత్తరము దొరికెను. సత్యమును సమాధానమును ప్రేమించు జనులకు ఆ ఉపవాసదినములు సంతోషపు పండుగలగునని దేవుడు వాగ్దానము చేసెను. దేవుని వెదకు హృదయము ఉపవాసములోను విందులోను ఆయననే ఆరాధించును.

ఆలోచించుటకు: కోరిన మేలు దొరకకపోయినను విశ్వాసి దేవుని సన్నిధిని నిలిచియుండునా? అతని ఉపవాసమువలన ఈ వారము ఏ దరిద్రునికి మేలు కలిగెను?