బడి పక్కూరికి పోయింది, వంక దాటేదెట్లా?

ప్రశ్న: మాది కమలాపురం మండలంలో చిన్న ఊరు. పిల్లలు తక్కువని 3, 4, 5 తరగతులను పక్కూరి బడిలో కలిపారు. దారిలో వంక ఉంది. ఊళ్లో సగం మంది సరేనంటున్నారు, సగం మంది వద్దంటున్నారు. మా పాప మూడో తరగతి. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, 2022లో తరగతుల విలీనంపై ప్రభుత్వం ఇచ్చిన జీవో 117తో రేగిన గొడవే ఇది. 2025 మేలో ఆ జీవో పోయినా, మోడల్ ప్రైమరీ స్కూళ్ల పేరుతో తరగతులు కలపడం ఆగలేదు. కారణం టీచర్లు. విద్యాహక్కు చట్టం లెక్కన 60 మంది లోపుంటే ఇద్దరే టీచర్లు, ఐదు తరగతులకూ వాళ్లే. కాబట్టి కలపమనేవాళ్లదీ మొండివాదం కాదు.

అయితే ప్రాథమిక బడి కిలోమీటరు లోపే ఉండాలని నిబంధన. మ్యాపులో కాదు, పాప నడిచే దారిలో కొలవండి. వానల్లో వంక పారేటప్పుడు ఫోటో తీసిపెట్టుకోండి. తల్లిదండ్రుల కమిటీలో తీర్మానం చేయించండి. ఉత్త 'వద్దు' అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. తరగతులు ఇక్కడే నడపండి, లేదా ఆటో ఖర్చు ఇవ్వండి అని రాయండి. ఎంఈవో ఆఫీసులో ఇచ్చి, మీ కాపీపై ముద్ర వేయించుకోండి. రాతపూర్వక ఫిర్యాదును మూడు నెలల్లో తేల్చాలని చట్టంలోనే ఉంది.

ఈలోగా పాప బడి మానే పరిస్థితి వస్తే ఆగొద్దు. కడపలో జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. పిల్లల తరఫున లాయరు సాయం ఉచితం.