కొట్టేసిన మునగ కొమ్మలు ఏం చేయాలి?

ప్రశ్న: గొంగళిపురుగుల బాధ పడలేక పెరట్లో మునగ చెట్టు కొట్టించాం. కొమ్మలన్నీ గోడ వారన గుట్టగా పడున్నాయి. చెత్త బండివాళ్లు ఎక్కించుకోవడం లేదు. తగలబెట్టేయమంటారా?

జవాబు: వద్దండీ. పచ్చి మునగ మండదు, వీధంతా పొగే. ఎండినా అంతే, బెండులాంటి కర్ర, పొయ్యిలోకి పనికిరాదు.

ముందు ఆకు సంగతి చూడండి. పురుగు లేని రెమ్మలు ఏరి, పాత చీరలో మూటగట్టి రాత్రంతా ఉంచండి. తెల్లారి విప్పి దులిపితే ఆకులు వాటంతటవే రాలతాయి, దూసే పని ఉండదు. పప్పులో వేసుకోగా మిగిలింది మేకలున్నవాళ్లకి కబురు చేస్తే మోసుకుపోతారు. పురుగు పట్టిన కొమ్మల్ని మాత్రం ఉత్త చేత్తో ముట్టకండి, నూగు తగిలితే దద్దుర్లే. కర్రతో కొట్టి సబ్బునీళ్ల బకెట్లోకి దులపండి.

మణికట్టు లావున్న కొమ్మలు పారేస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. 3, 4 అడుగుల ముక్కలు కోసి, కొన్నాళ్లు నీడలో ఉంచి, కోసిన చోటు ఆరాక మూడో వంతు మట్టిలోకి దిగేలా పాతండి. నీళ్లు నిలిస్తే కుళ్లుతుంది. మీకు వద్దంటే ఇరుగుపొరుగుకి ఇవ్వండి.

మిగతావి జానెడు ముక్కలు నరికి, ఎండుటాకులతో కలిపి గుంతలో వేసి పేడనీళ్లు చల్లండి. మామిడి, వేపల కన్నా త్వరగా చివుకుతుంది.

అన్నట్టు, మోడు వేళ్లతో తీయించారా? లేకపోతే వానలు పడగానే చిగురిస్తుంది. నన్నడిగితే చిగురించనివ్వండి, నడుమెత్తులో కత్తిరిస్తుంటే కూరాకు చేతికందుతుంది.