శరణాగత రక్షణము

విభీషణుడు నలుగురు అనుచరులతో సముద్రపు టుత్తరతీరమునకు వచ్చి శరణు వేడినపుడు సుగ్రీవుడు శంకించెను. శత్రువునకు తమ్ముడు, గూఢచారి కావచ్చునని ఆయన భయము. శ్రీరాముడు ఆ మాటను విన నిరాకరింపలేదు. హనుమంతుడు మొదలగువారి అభిప్రాయములను ఆలకించెను. తన్ను ఆశ్రయించిన వేటగానికి స్వమాంసమునే ఆహారముగ నొసగిన కపోతమును ఉదాహరించి, పిమ్మట అభయమిచ్చెను. విచారణ దోషము కాదు; వినకయే వెడలగొట్టుట దోషము. ఇదియే ఈ ఘట్టము నేర్పు ధర్మము.

క్రొత్తవారిని కలుపుకొనుట బాన్సువాడ ప్రాంతము ఎరిగినదే. 1931లో మంజీరపై నిజాంసాగరు పూర్తియైన పిదప కోస్తా జిల్లాల రైతు కుటుంబములు వచ్చి కాలువల క్రింద సాగు చేసికొనినవి. వారు బ్రతుకుతెరువుకై వచ్చినవారు. ప్రాణభయమున వచ్చువాని గతి ఇంకను దీనము. 1942లో యుద్ధభయమున బర్మా విడిచి, అడవులు కొండలు దాటి నడచివచ్చిన తెలుగువారు దీనిని అనుభవించిరి.

పీడితులకు అన్యదేశమున ఆశ్రయము కోరు హక్కు కలదని 1948 నాటి విశ్వ మానవహక్కుల ప్రకటన 14వ అధికరణము చాటినది. 1951 నాటి శరణార్థుల ఒడంబడికలో భారతదేశము చేరలేదు. అయినను 1959లో దలైలామాకును, వేలకొలది టిబెట్టు వారికిని ఆశ్రయమిచ్చినది. చక్మా శరణార్థుల విషయమున 1996లో సుప్రీంకోర్టు, రాజ్యాంగపు 21వ అధికరణము పౌరులకే కాక ప్రతి మనుష్యునకు ప్రాణరక్షణ నిచ్చుననియు, చట్టప్రకారము తప్ప వారిని ఇండ్లనుండి వెడలగొట్టరాదనియు తీర్పు చెప్పినది.

భగవంతుని వాకిట ప్రతి వైష్ణవుడును శరణార్థియే. తన వాకిట నిలిచిన ఆర్తుని మాట వినకయే తలుపు మూయుట అట్టివానికి తగునా?