ముందు గది, తర్వాతే తెర

ఫొటోలు ఎడిట్ చేయడానికి ల్యాప్‌టాప్ కొనాలనుకుంటున్నారా? షాపుకి బయల్దేరే ముందు, మీరు రోజూ పని చేసుకునే కుర్చీలో ఒకసారి కూర్చోండి. ఇప్పుడున్న ల్యాప్‌టాప్ ఆపేసి, ఆ నల్లటి తెరలోకి చూడండి. వెనక కిటికీ కనిపిస్తోందా? నెత్తిమీద ట్యూబ్‌లైట్? మీ తెల్ల చొక్కా? అక్కడ కనిపించినవన్నీ రేపు మీరు దిద్దబోయే ప్రతి ఫొటో మీదా పడతాయి. గ్లాసీనా, మ్యాటా అన్న ప్రశ్నకు సగం జవాబు ఆ కుర్చీలోనే దొరుకుతుంది.

చాలామంది ఈ పని చేయరు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కో, ఊళ్లో ఉన్న షోరూమ్‌కో వెళ్లి రెండు ల్యాప్‌టాప్‌లు పక్కపక్కన పెట్టించుకుంటారు. అక్కడ బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి ఉంటుంది. నల్లటి నేపథ్యం మీద రంగులు చిమ్మే డెమో వీడియో ఆడుతుంటుంది. ఆ పోటీలో గ్లాసీ దాదాపు ప్రతిసారీ గెలుస్తుంది. మనం ఐదు నిమిషాలు షాపు వెలుతురులో నిలబడి నిర్ణయం తీసుకుని, ఐదేళ్లు ఇంటి వెలుతురులో దానితో బతుకుతాం. ఉద్యోగమైనా, అద్దె ఇల్లయినా, తెరయినా, రోజూ గడపబోయే పరిస్థితిని తలచుకుని ఎంచుకునేవాళ్లకు తర్వాత చింత తక్కువ.

అసలు తేడా ఎక్కడుందో చూద్దాం. మామూలు గాజు ఉపరితలం తన మీద పడిన వెలుతురులో సుమారు 4 శాతాన్ని తిప్పి పంపుతుంది. గ్లాసీ తెర దాన్ని అద్దంలా తిప్పుతుంది. కిటికీ కిటికీలాగే, చొక్కా చొక్కాలాగే కనిపిస్తుంది. మ్యాట్ తెర పైపొర కంటికి కనిపించనంత గరుకుగా ఉంటుంది. ఆ గరుకు వల్ల వెలుతురు అన్ని వైపులా చెదిరిపోతుంది. కిటికీ ఆకారం పోతుంది కానీ వెలుతురు పోదు, తెరంతా సన్నటి తెల్లపొరలా పరుచుకుంటుంది. అందుకే వెలుగున్న గదిలో మ్యాట్ మీద నలుపు బూడిదరంగుకు తిరుగుతుంది. కొన్ని మ్యాట్ ప్యానెళ్ల మీద తెల్లటి భాగాల్లో సన్నటి రేణువులు కూడా కనిపిస్తాయి. గది చీకటి చేస్తే ఆ తెల్లపొర మాయమవుతుంది, గ్లాసీలోని ప్రతిబింబాలూ మాయమవుతాయి. అప్పుడు గ్లాసీ ఫొటోను మరింత శుభ్రంగా చూపిస్తుంది.

ఈ తేడా మీ చేతి పనిని ఎలా పాడుచేస్తుందో గమనించండి. పెళ్లికూతురి జడ, పెళ్లికొడుకు నల్ల సూటు మ్యాట్ మీద పాలిపోయి కనిపిస్తే, మీ చెయ్యి తనంతట తానే కాంట్రాస్ట్ స్లైడర్ మీదికి పోతుంది. ప్రింటు వచ్చేసరికి జడలో ఒక్క పాయ కూడా విడిగా కనిపించదు, అంతా ఒకే నల్ల ముద్ద. గ్లాసీ మీద పొరపాటు మరో దారిలో వస్తుంది. రంగులు ముందే నిండుగా కనిపిస్తాయి కాబట్టి చేయాల్సిన పని పూర్తికాకుండానే చాలనిపిస్తుంది. అదే ఫొటో మ్యాట్ కాగితం మీదికి వచ్చేసరికి చప్పగా ఉంటుంది. ఏ తెర కొన్నా అది మిమ్మల్ని ఎటు లాగుతుందో తెలిసి ఉండాలి. తెలిస్తే చెయ్యి అదుపులో ఉంటుంది.

ఈ గ్లాసీ, మ్యాట్ వాదం కంప్యూటర్ల కంటే చాలా పాతది. మొదటి తరం కాగితపు ఫొటోలు ఉప్పునీటిలో ముంచిన కాగితం మీద మెరుపు లేకుండా వచ్చేవి. 1850లో ఫ్రాన్స్‌లో బ్లాంకార్ ఎవ్‌రార్ కాగితానికి కోడిగుడ్డు తెల్లసొన పూసే పద్ధతి తెచ్చాడు. దాంతో ఫొటోకు మెరుపూ, స్పష్టతా వచ్చాయి. తర్వాత ఫొటోను చిత్రకళలా మలచాలనుకున్నవాళ్లు ప్లాటినం ప్రింట్ల మెత్తటి మ్యాట్‌కు తిరిగి వెళ్లారు. 1932లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్ లాంటివాళ్లు ఎఫ్/64 పేరుతో జట్టుకట్టి, మళ్లీ గ్లాసీ కాగితాన్ని పట్టుకున్నారు. ప్రతి రాయి అంచూ, ప్రతి ఆకు ఈనె కోసినట్టు కనిపించాలన్నది వాళ్ల పట్టుదల. మెత్తదనం కోరినవాళ్లు ఒకటి ఎంచుకున్నారు, స్పష్టత కోరినవాళ్లు మరొకటి. ఎవరికి వాళ్లకు తమ ఫొటో ఎలా ఉండాలో ముందే తెలుసు. కాగితం ఆ తర్వాత వచ్చిన ప్రశ్న.

కంపెనీలను నమ్ముకుందామంటే అవీ నిలకడగా లేవు. యాపిల్ 2008 చివర్లో 15 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోను గ్లాసీ గాజుతో మాత్రమే తెచ్చింది. ఫొటోగ్రాఫర్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు. మరుసటి ఏడాదే మ్యాట్ ఐచ్ఛికంగా తిరిగొచ్చింది. 2012లో వచ్చిన రెటీనా మోడల్లో అది మళ్లీ లేదు. 2019లో ప్రో డిస్‌ప్లే ఎక్స్‌డీఆర్ మానిటర్‌కి నానో టెక్స్‌చర్ అనే మ్యాట్ గాజును ఐచ్ఛికంగా పెట్టారు. 2024లో అదే నానో టెక్స్‌చర్ మ్యాక్‌బుక్ ప్రోకి వచ్చింది, అమెరికా ధరలో 150 డాలర్లు అదనం. ఒకే కంపెనీ ఇన్నిసార్లు అటూ ఇటూ మారిందంటే, అందరికీ సరిపోయే జవాబు లేదనే అర్థం.

ఇప్పుడు ఎవరూ అడగని ప్రశ్నకు వద్దాం. నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. తెర పైపొర గురించి వారాల తరబడి వాదించుకునేవాళ్లు, ఆ తెర ఎన్ని రంగులు చూపగలదో ఒక్కసారి కూడా చూడరు. తక్కువ ధర ల్యాప్‌టాప్‌ల వివరాల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాసి ఉంటుంది. అంటే ఎస్‌ఆర్‌జీబీ అనే ప్రమాణంలోని రంగుల్లో దాదాపు మూడో వంతు ఆ తెర చూపలేదు. మన పెళ్లిళ్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఎర్ర పట్టుచీర, బంగారు జరీ, కుంకుమ, మంగళస్నానం నాటి పసుపు. అన్నీ ముదురు రంగులే, అన్నీ తెర చూపగల రంగుల అంచుల్లో ఉండేవే. ఆ తెర మీద ఎర్రచీర ఇటుకరంగులోకి జారుతుంది. మీరు ఎరుపు పెంచుతారు. ఆల్బంలో చీర మడతలన్నీ కలిసిపోయి ఎర్రటి అట్టలా తయారవుతుంది. గ్లాసీ పొర ఉన్నా, మ్యాట్ పొర ఉన్నా అలాంటి ప్యానెల్‌ను కాపాడలేదు. కాబట్టి మొదట 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉన్న ఐపీఎస్ ప్యానెల్ గానీ, ఓఎల్‌ఈడీ ప్యానెల్ గానీ చూడండి. పైపొర సంగతి ఆ తర్వాత. ప్రశ్నల్ని వాటి బరువును బట్టి వరసలో పెట్టుకోవడం సాధన చేయాల్సిన గుణం. దాన్ని ల్యాప్‌టాప్ దగ్గర మొదలుపెట్టినా మంచిదే.

ఇక నా సలహా సూటిగా చెబుతాను. గది మీ చేతిలో ఉంటే, అంటే కర్టెన్ వేసుకుని, దీపాన్ని పక్కకు జరుపుకుని పని చేసుకోగలిగితే, ప్రతిబింబాలు తగ్గించే కోటింగ్ ఉన్న గ్లాసీ తీసుకోండి. ఫంక్షన్ హాల్లో ముహూర్తానికీ భోజనాలకూ మధ్య ఫొటోలు ఏరేవాళ్లు, రైల్లోనూ అద్దాల గోడల ఆఫీసుల్లోనూ కూర్చునేవాళ్లు మ్యాట్ తీసుకోండి. ఓఎల్‌ఈడీ ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా గ్లాసీలోనే వస్తాయి కాబట్టి అది కావాలనుకుంటే గదిని దానికి తగ్గట్టు మార్చుకోవాల్సిందే. గ్లాసీ కొని దాని మీద చవక మ్యాట్ ఫిల్మ్ అంటించే ఆలోచన మానుకోండి, అది స్పష్టతను తినేస్తుంది.

కొన్నాక రివ్యూలు చదవడం ఆపేయండి. నేను మనస్ఫూర్తిగా చెబుతున్న మాట ఇది. తీసుకున్న నిర్ణయాన్ని రోజూ తవ్వుకునేవాడికి తన తెర మీద నమ్మకం కుదరదు. నమ్మకం లేనివాడి చెయ్యి స్లైడర్ల మీద నిలవదు. ఆ సమయం గదికి పెట్టండి. ఎస్‌ఆర్‌జీబీ ప్రమాణాన్ని రాసినవాళ్లు 80 నిట్ల వెలుగున్న తెరనూ, 64 లక్స్ వెలుతురున్న మసక గదినీ ఊహించుకున్నారు. మన ఇళ్లలో పగటి వెలుతురు దానికి ఎన్నో రెట్లు. ప్రింటు కోసం పని చేసేటప్పుడు బ్రైట్‌నెస్ 100 నుంచి 120 నిట్ల మధ్య ఉంచండి. ఆటో బ్రైట్‌నెస్, నైట్ లైట్, ట్రూ టోన్ ఆపేయండి. ముదురు రంగు చొక్కా వేసుకోండి. తెరకు పైనా పక్కలా నల్ల చార్ట్ కట్టి గొడుగులా నిలబెడితే పెద్దగా ఖర్చు లేకుండా చాలా ప్రతిబింబాలు పోతాయి. స్పైడర్ లాంటి కాలిబ్రేషన్ పరికరం ఒక్కరికి భారమైతే, ఊళ్లో నలుగురు స్టూడియోవాళ్లు కలిసి కొనుక్కోండి. అది రోజూ కావాల్సిన వస్తువు కాదు, నెలకో రెండు నెలలకో ఒకసారి చాలు.

చివరిగా ఒక పరీక్ష పెట్టుకోండి. ఎర్ర పట్టుచీర, నల్ల జడ, తెల్ల పంచె మూడూ ఉన్న ఒకే ఫొటో ఎంచుకుని, మీరు ఆల్బంలు వేయించే ల్యాబ్‌లోనే, అదే కాగితం మీద ప్రింటు తీయించండి. మంచి వెలుతురులో దాన్ని తెర పక్కన పట్టుకుని చూడండి. ప్రింటు చీకటిగా ఉంటే తెర బ్రైట్‌నెస్ తగ్గించి, ఫొటోను మళ్లీ దిద్ది ఇంకో ప్రింటు తీయించండి. రెండూ దగ్గరపడేదాకా ఏ పెళ్లి ఆల్బమూ ల్యాబ్‌కి పంపకండి.