గడప దాటిన గ్రంథాలయం

గ్రంథాలయం సమాజానికి విద్యామందిరం. పూర్వకాలంలో పుస్తక భాండాగారాలు రాజాస్థానాలకు, మఠాలకు, పండిత కుటుంబాలకు పరిమితమై ఉండేవి. తాళపత్రాలు చెదల పాలు కాకుండా చూడటమే వాటిని కాపాడేవారి ప్రధాన కర్తవ్యం. ఆధునిక కాలంలో ఈ భావన మారింది. పుస్తకాన్ని భద్రపరచడంతో పాటు దానిని పాఠకుని చేతికి చేర్చడం కూడా గ్రంథపాలకుని ధర్మమైంది. అయితే పాఠకులందరూ ఒకే భాష మాట్లాడేవారు కారు. ఒకే విధమైన జీవితం గడిపేవారూ కారు. అందువల్ల గ్రంథపాలకుడు పుస్తకాలను ఎంతగా ఎరుగునో తన ఊరి మనుషులను కూడా అంతగా ఎరిగి ఉండాలి.

ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమం ప్రజల చొరవతో సాగింది. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. గ్రంథాలయ పితామహుడని పేరొందిన అయ్యంకి వెంకటరమణయ్య దానికి జీవితాన్ని ధారపోశారు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిసింది. దాని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. నాడు గుంటూరు జిల్లాలో ఉన్న ఈ చేనేత గ్రామం 1970లో ప్రకాశం జిల్లాలోను, 2022లో బాపట్ల జిల్లాలోను చేరింది. పరిపాలనా సరిహద్దులు మారినా ఆ గ్రంథాలయం సేవ ఆగలేదు.

గుంటూరు జిల్లా పెదపాలేనికి చెందిన పాతూరి నాగభూషణం మరొక అడుగు ముందుకు వేశారు. ఆ రోజులలో కాలువలపై పడవ ప్రయాణం గంటల తరబడి సాగేది. 1935లో ఆయన ఆ పడవలలోనే ప్రయాణికులకు పుస్తకాలు అందించే ఏర్పాటు చేశారు. పాఠకుడు రాలేదని నిందించక, అతడు ఏ దారిన పోతున్నాడో, అతనికి తీరిక ఎప్పుడో గమనించడమే ఈ ఆలోచనకు మూలం. గ్రంథపాలకుని శిక్షణలో మొదటి పాఠం కూడా ఇదే.

శాస్త్రీయమైన శిక్షణకు దక్షిణదేశంలో బాట వేసినవారిలో ఎస్.ఆర్. రంగనాథన్ అగ్రగణ్యులు. 1929లో మద్రాసులో గ్రంథపాలకులకు శిక్షణ తరగతులు ప్రారంభమయ్యాయి. 1931లో ఆయన గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలను ప్రతిపాదించారు. పాఠకులలో ప్రతి ఒక్కరికీ తగిన పుస్తకం అందాలన్నది వాటిలో రెండవదాని సారాంశం. చూడటానికి ఇది సులభమే. ఆచరణలో మాత్రం 'ఎవరు రావడం లేదు? ఎందుకు రావడం లేదు?' అనే కఠినమైన ప్రశ్నలను ఇది ముందుంచుతుంది.

పత్తి, మిరప పండే మైదానాలలోనే ఈ ప్రశ్నలకు సమాధానం వెదకవచ్చు. ఇక్కడ తెలుగుతో పాటు ఉర్దూ వినిపిస్తుంది. పల్నాటి తండాలలో లంబాడీ భాష, ఎరుకల కుటుంబాలలో వారి సొంత భాష ఇళ్లలో మాట్లాడుకుంటారు. మిరప కోతల కాలంలో కర్నూలు పడమటి ప్రాంతాల నుండి కూలీల కుటుంబాలు పిల్లలతో సహా వలస వస్తాయి. తెల్లవారక ముందే చేలకు పోయి, ప్రొద్దుగుంకినాక తిరిగి వచ్చేవారికి పగటి వేళల్లోనే తెరచి ఉండే గ్రంథాలయం మూసి ఉన్నట్లే. సభ్యత్వానికి ధరావతు, స్థిరనివాసపు రుజువు అడిగేచోట కల్లాల ప్రక్క గుడిసెలలో తలదాచుకొన్న పిల్లవాడు వేటిని చూపగలడు?

కంటికి కనిపించని గడపలు కూడా ఉన్నాయి. వినుకొండలో జన్మించిన మహాకవి గుర్రం జాషువ కులవివక్ష వల్ల కలిగిన అవమానాలను స్వయంగా అనుభవించి, 1941లో 'గబ్బిలం' కావ్యాన్ని వెలువరించారు. అటువంటి కావ్యం బీరువాలో ఉండటం మాత్రమే చాలదు. ఆ వేదనను నేటికీ ఎరిగిన ఇంటి బిడ్డ సంకోచం లేకుండా లోపలికి వచ్చి, దానిని అడిగి తీసుకోగలగాలి. ఒకరిని 'రండి' అని, మరొకరిని 'ఏం కావాలి నీకు' అని పలకరించేచోట ఆ రెండవవాడు మరునాడు రాడు. అతడు రాకపోవడాన్ని చదువుపై అనాసక్తి అని లెక్కలో వ్రాసుకోవడం మరొక అన్యాయం.

అందుచేత శిక్షణలో వర్గీకరణ, సూచీకరణలతో పాటు మరికొన్ని అంశాలు చేరాలి. గ్రంథపాలకుడు తన పరిధిలోని వాడలు, తండాలు, వృత్తులు, పండుగలు, పంటకాలాలు తెలుసుకోవాలి. అందరినీ 'మీరు' అని సంబోధించే మర్యాదను అలవరచుకోవాలి. స్థానిక భాషలలో నాలుగు పలకరింపు మాటలైనా నేర్వాలి. పుస్తకాల ఎంపికలో ఆయా సముదాయాల పెద్దలను, స్త్రీలను, యువకులను సంప్రదించాలి. చదువురాని వారికోసం పఠన సభలు జరపాలి. వారి నోటనున్న కథలను, పాటలను వారి అనుమతితో వ్రాసి భద్రపరచాలి. అప్పుడు వారు గ్రంథాలయం నుండి గ్రహించేవారు మాత్రమే కాక, దానికి సమకూర్చేవారు కూడా అవుతారు.

ఈ సేవ దయాదాక్షిణ్యాలకు సంబంధించినది కాదు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం గ్రంథాలయ పన్నుకు అవకాశం కల్పించింది. ప్రజల సొమ్ముతో నడిచే సంస్థపై ప్రజలందరికీ హక్కు ఉంటుంది. జాతి, మత, భాషా భేదాలు లేకుండా అందరికీ సమానసేవ అందాలని యునెస్కో 1994 నాటి ప్రజా గ్రంథాలయ ప్రణాళిక చాటింది. 2022లో సవరించిన ప్రణాళిక కూడా ఆ మాటనే నిలబెట్టింది. పాతూరివారి కాలంలో పడవ చేసిన పనిని నేడు సంచార వాహనం చేయవచ్చు, చరవాణి చేయవచ్చు. సాధనం ఏదైనా, పాఠకుని వైపు మొదటి అడుగు వేయవలసినవాడు గ్రంథపాలకుడే.

ప్రశ్నలు

1. పడవ గ్రంథాలయం వెనుక ఉన్న ఆలోచనను వివరించండి.
2. గ్రంథాలయానికి 'కంటికి కనిపించని గడపలు' ఏవి? వాటిని ఎలా తొలగించవచ్చు?
3. మీ ఊరి గ్రంథాలయానికి రానివారు ఎవరు? కారణాలు తెలుసుకొని ఒక పుటకు మించకుండా వ్రాయండి.