మరణశాసనము లేని యింటి పంపకము

గృహస్థుడు మరణశాసనము వ్రాయక గతించినయెడల ఆస్తి కుమారులకే చెందునని మనలో ననేకులు నేటికిని దలంచుచున్నారు. ఇది పొరపాటు. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము ననుసరించి పురుషుని స్వార్జితమునందు భార్యకును, తల్లికిని, కుమారులకును, కుమార్తెలకును సమానభాగములు గలవు. భార్యయు, తల్లియు, ఇద్దఱు కొడుకులును, ఒక కూతురును ఉన్నచో నది యైదు భాగములగును. మూలగదిలోని ముసలితల్లిని లెక్కింప మఱచుటయే తఱచు. ఉమ్మడి కుటుంబపు పిత్రార్జితమునందును 2005 నుండి కుమార్తెకు, వివాహితయైనను, కుమారునితో సమానమైన హక్కు గలదు.

అయినను చట్టమిచ్చినదానిని సంతకము హరించుచున్నది. కర్మాంతరములు ముగిసిన మఱునాడే హక్కువిడుదల పత్రమును ఆడుబిడ్డ ముందుంచుదురు. కట్నమిచ్చితిమి గదా యని వాదింతురు. 1961లోనే చట్టము నిషేధించిన కట్నమును చెల్లించిన ఋణమువలె జూపుట యెట్టి న్యాయము? పుట్టింటి రాకపోకలు నిలిచిపోవునను భయమున నామె సంతకము చేయును. పత్రము రిజిష్టరైన పిదప మోసమునో బలవంతమునో ఋజువుచేయు భారము సామాన్యముగా నామెదే.

మరణశాసనము వ్రాయుట కష్టము కాదు. స్టాంపు కాగితము అక్కఱలేదు. ఇద్దఱు సాక్షుల సంతకములు చాలును. రిజిష్టరు చేయించుట నిర్బంధము కాకున్నను మేలు. కూతును తొలగించుటకును ఆ కాగితమే పనికివచ్చుననుట నిజమే. కావున వ్రాయుటకు ముందే ఆస్తి పట్టికను ఇంటి స్త్రీలకు చదివి వినిపింపవలెను. శాసనము లేనిచోట విడుదల పత్రమే కావలసివచ్చినయెడల సంవత్సరీకము వఱకు నాగి, ఆమె భాగపు విలువ నందు స్పష్టముగా వ్రాసి, ఆమె యేర్పఱచుకొన్న వకీలునకు జూపిన పిమ్మటనే సంతకము గోరవలెను.