తక్కువ డబ్బుతో తొలి ట్రెక్కింగ్ సామాను



కొండలెక్కే క్యాంపు ఉందని నోటీసు బోర్డు మీద కాగితం అంటించగానే మన హాస్టళ్లలో మొదట వినిపించే మాట, "బూట్లు, బ్యాగు ఎక్కడి నుంచి తేవాలి?" డబ్బు లేదని పేరు ఇవ్వకుండా ఆగిపోయేవాళ్లు కొందరు. అప్పు చేసి అక్కర లేనివి కొనేవాళ్లు కొందరు. ఏది ముందు కొనాలో, ఏది కొననక్కర లేదో తెలిస్తే ఈ రెండు బాధలూ తప్పుతాయి. దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌.బి.నగర్‌లలో ఉండి చదువుకున్న మేము తెలుసుకున్న సంగతులను మీ కోసం పాఠంగా రాస్తున్నాము.

2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే. అప్పటికి పూర్ణకు 14 ఏళ్లు కూడా నిండలేదు. వాళ్లు తొలి పాఠాలు నేర్చింది మన భువనగిరి కోట బండ మీద. మంచు కొండల సామాను సంగతి వేరు. అలాంటి బండ మీద పగటిపూట నడవడానికి మంచి బూట్లు, టోపీ, రెండు లీటర్ల నీళ్లు, కాసిని అటుకులు, పల్లీపట్టీ ఉంటే చాలు. రాత్రి బస చేయాలంటేనే మిగతావి కావాలి.

1. బూట్లు: ఉన్న డబ్బులో ఎక్కువ భాగం వీటికే పెట్టండి. సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి కాబట్టి అప్పుడే కొనడానికి వెళ్లండి. కొండకు వేసుకునే సాక్సుతోనే తొడిగి చూడండి. బొటనవేలు ముందు వేలెడంత ఖాళీ ఉండాలి, లేకపోతే దిగేటప్పుడు గోళ్లు దెబ్బతింటాయి. అడుగున గాడులు లోతుగా ఉండాలి. క్యాంపుకు రెండు వారాల ముందు నుంచే రోజూ తొడిగి నడిస్తే బొబ్బలు రావు.

2. వీపు సంచి: ఒకటి రెండు రాత్రులకు 40 లీటర్లది సరిపోతుంది. నడుము బెల్టు ఉన్నదే తీసుకోండి. బరువు భుజాల మీద కాక తుంటి ఎముకల మీద నిలవాలి. దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద పెద్ద కంపెనీల పేర్లున్న బ్యాగులు చవకగా దొరుకుతాయి. పేరు చూసి మోసపోకండి, కుట్టు చూడండి. భుజం పట్టీ సంచికి కలిసే చోట రెండు మూడు వరుసల కుట్టు ఉండాలి. కోచింగ్ పుస్తకాలు వెంట తీసుకెళ్లి, సంచిలో నింపి, తగిలించుకుని పది నిమిషాలు నడిచి చూశాకే బేరమాడండి.

3. బట్టలు: జీన్స్ తడిస్తే బరువెక్కుతుంది, ఓ పట్టాన ఆరదు. ఆటలకు వేసుకునే పాలిస్టర్ టీషర్టు, ట్రాక్ ప్యాంటు చాలు. సంచి లోపల మందపాటి పాలిథిన్ కవరు వేసి సామాను సర్దితే వానకు తడవదు.

4. పడక: స్లీపింగ్ బ్యాగు కొనకండి. మన వైపు కొండలకు హాస్టల్ దుప్పటే చాలు. కానీ ఒంటి కింద ఫోమ్ షీటు తప్పదు. వేడిని నేల లాగేస్తుంది, ఒంటి కింద నలిగిన దుప్పటి దాన్ని ఆపలేదు.

5. ఉమ్మడి సామాను: టార్పాలిన్, తాడు, ప్రథమ చికిత్స డబ్బా నలుగురికి ఒకటి చొప్పున చాలు, ఖర్చు పంచుకోండి. టార్పాలిన్ కోసం ఎల్‌.బి.నగర్ దాటాక ఆటోనగర్‌లో లారీ సామాను దుకాణాలు ఉన్నాయి, అక్కడ అడగండి.

బరువు లెక్క మరిచిపోకండి. మన బరువులో అయిదో వంతు మించి మోయకూడదు. 50 కిలోల వారికి నీళ్లతో కలిపి 10 కిలోలే హద్దు. రెండు లీటర్ల నీళ్లే రెండు కిలోలు!

అభ్యాసం: సంచి సర్ది, బూట్లు తొడిగి ఒక ఆదివారం పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌.బి.నగర్ దాకా నడవండి. మెట్రోలో మూడు స్టేషన్ల దూరం. ఎక్కడ ఒరుసుకుంటోందో, ఏది అనవసరంగా మోస్తున్నారో తెలిసిపోతుంది.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మీ ఇళ్లలో అటకెక్కిన బ్యాగులు, టార్చిలైట్లు, చిన్నవైపోయిన బూట్లు ఉంటే మన హాస్టల్‌కు ఇవ్వండి. వాటికి ఒక బీరువా, రాసుకోవడానికి ఒక రిజిస్టరు పెట్టుకుందాం. సామాను లేదన్న కారణంతో మనవాళ్లలో ఒక్కరు కూడా పేరు ఇవ్వకుండా ఉండకూడదని మా కోరిక.